మంగళ విలాస్ పప్పుచారు

1956 ఆగస్టు 3, శుక్రవారం

మా ఆవిడ అలివేలు నిన్న బయట చేరింది. ఆదివారం తలస్నానం చేసేదాకా ఇంట్లో పొయ్యి వెలగదు. అమ్మ ఉన్నన్నాళ్ళు నాకు ఈ ఇబ్బంది తెలియలేదు. అమ్మ పోయినప్పటి నుంచి ప్రతి నెలా ఆ మూడు రోజులు మంగళ విలాస్ క్యారియరే గతి. హోటలు పెద్దసుబ్బయ్య మాకు దూరపు చుట్టం, వరసకు మామ. క్యారియర్ కూడా హోటలుదే. తిన్నాక శుభ్రంగా కడిగి అరుగు మీద పెడితే వాళ్ళ మనిషి వచ్చి పట్టుకుపోతాడు. చారు కొంచెం నీళ్ళగా ఉంటుంది గానీ, పరవాలేదు.

లాంతర్ల అంగడి బాగానే నడిచింది. మా ఊరు రాజధాని అయ్యాక వచ్చి టెంట్లలో ఉంటున్న సెక్రటేరియట్ గుమాస్తాలు పెట్రోమాక్స్ దీపాల మాంటిళ్ళకు వచ్చారు. అందులో ఒక గుంటూరాయన, "రాజధాని హైదరాబాదు పోతోందటగా శెట్టిగారూ, ఇహ మీ లాంతర్లు ఎవరు కొంటారు, కోట బురుజుకు వేలాడదీస్తారా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేయను. వాళ్ళు పోతే నా అంగడి సగం పోయినట్టే.

ఆగస్టు 4, శనివారం

మధ్యాహ్నం క్యారియర్‌లో పప్పుచారులో బల్లి. అలివేలుకు వాంతులు. శొంఠి నీళ్ళు ఇచ్చాను.

ఆగస్టు 5, ఆదివారం

పెద్దాసుపత్రిలో చేర్చాం. సెలైన్ ఎక్కిస్తున్నారు. మాట్లాడటం లేదు.

ఆగస్టు 7, మంగళవారం

ఈ రోజు కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. నర్సమ్మ తాగించింది. "ఇంకాస్త ఆలస్యమై ఉంటే కష్టమయ్యేది" అన్నాడు డాక్టరు. డాక్టర్లందరూ అనే మాటే అది.

రేపు ఎవరైనా అడిగితే తడబడకుండా చెప్పాలి కాబట్టి జరిగింది రాసి పెట్టుకుంటున్నాను. శనివారం మధ్యాహ్నం క్యారియర్ వచ్చింది. ఎప్పటిలాగే ముందు నేను తిన్నాను. నాకు పైన ఉన్న తేట వచ్చింది. మిగిలింది తీసుకెళ్ళి వెనక గది గడప ఇవతల నిలబడి, తగలకుండా, అలివేలు ఆకులో వంచాను. ఆ గదిలో వెలుతురు తక్కువ. నాలుగు ముద్దలు తిన్నాక చేతికి తోక తగిలిందంది. ఆకు బయటికి తోసేసింది. సాయంత్రం లోపలే వాంతులు పట్టుకున్నాయి, విరేచనాలు కూడా. నాకు మాత్రం ఏమీ కాలేదు. చిత్రం.

తప్పు ఎవరిది? సుబ్బయ్య మామది. ఇందులో ఆలోచించేదేం లేదు.

ఆస్పత్రి నుంచి నేరుగా హోటలుకు పోయాను. గల్లా దగ్గర కూర్చుని వక్కలు కత్తిరిస్తున్నాడు. ఇడ్లీలు తినేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు.

"మామా, శనివారం నీ పప్పుచారులో బల్లి వచ్చినాది. అలివేలు ఆస్పత్రిలో ఉండాది."

"ఏమప్పా కేశవయ్యా, పొద్దున్నే ఈ మాటలేందప్పా? నా వంటింట్లో బల్లి గోడ మీద కూడా పారాడదు. సరే, ఉండిందనుకో. బల్లి యాడుండాది? చూపీ."

"పారేసినా."

"చారు?"

"పారబోసినా."

"క్యారియరన్నా ఉండాదా?"

"కడిగి పంపినా గదా మామా. మీ మనిషి తీసుకొచ్చినాడు గదా."

"అదో, చూడండప్పా!" అని ఇడ్లీలు తినేవాళ్ళ వైపు తిరిగాడు. "అన్నీ ఈయప్పే కడిగేసి నా మీదికి వస్తాండాడు. మీ ఇంటి దూలాలకు బల్లులు లేవా కేశవయ్యా? నీ ఇంట్లో బల్లి నీ ఆకులో పడితే దానికీ నేనేనా బిల్లు కట్టేది?"

వాళ్ళు నవ్వారు. ఒకడు ఇడ్లీ విరిచి చూసుకున్నాడు, తమాషాకు. ఇంకా నవ్వారు.

ఆగస్టు 9, గురువారం

కడప నుంచి మా మామగారు వచ్చారు. కూతురి మంచం పక్క నుంచి కదలడం లేదు. నాతో లోకం మీది సంగతులు మాట్లాడతారు, వానలు, వేరుశెనగ పైరు. అంగడి మూసి ఎక్కువసేపు ఉండలేను కదా, వస్తూ పోతూ ఉన్నాను.

ఆగస్టు 12, ఆదివారం

అలివేలును మామగారు కడపకు తీసుకుపోయారు. కోలుకునేదాకా అన్నారు. బస్సు కిటికీ దగ్గర నిలబడి, "సుబ్బయ్య మామ చేత నలుగుర్లో తప్పు ఒప్పిస్తా చూడు" అన్నాను. అలివేలు ముందు సీటు వైపు చూస్తూ కూర్చుంది. బస్సు కదిలాక చెయ్యి ఊపాను.

తప్పు ఒప్పిస్తే వస్తుంది. మనసులో ఆ కష్టం ఉంది దానికి.

ఆగస్టు 14, మంగళవారం

మునిసిపాలిటీ శానిటరీ ఇన్స్పెక్టర్ శివన్న దగ్గరికి పోయాను. ఆలూరు వైపు మనిషి. నా దగ్గరే లాంతరు వత్తులు కొంటాడు. అంతా విన్నాడు.

"తిన్న కూటికి నేను సాక్ష్యం యాడ తెచ్చేది శెట్టీ? ఆ క్యారియర్ అట్లనే మూతేసి నా కాడికి తెచ్చింటే సుబ్బయ్య ఈపొద్దు కోర్టు మెట్లెక్కుతాండె."

"ఎంగిలి క్యారియర్ ఎట్ల తెచ్చేదప్పా ఆఫీసుకు?"

"అదే గదా! మీ ఇండ్లల్లో అంతే. దొంగ వచ్చిపోతే కూడా ముందు కసువు ఊడ్చి, తర్వాత పోలీసుల్ని పిలుస్తారు." కాగితం తీశాడు. "ఆయమ్మను ఆస్పత్రికి ఎప్పుడు తీసుకపోతివి?"

"ఆదివారం పొద్దున."

"శనివారం సాయంత్రం నుంచి వాంతులంటివి."

"శొంఠి నీళ్ళు ఇచ్చినా."

కలం పక్కన పెట్టి నన్ను చూశాడు. కాగితం మడిచి లోపల పెట్టాడు. కొత్త కల్తీ చట్టం సంగతి ఎత్తుకున్నాడు. ఇన్స్పెక్టరే కాదు, దుడ్లిచ్చి కొన్న మనిషికి కూడా తిండిని సర్కారు పరీక్షకు పంపించుకునే హక్కు ఉందట. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అయితే ఒకటి. కొనేటప్పుడే అమ్మేవానికి చెప్పాల, ఇది పరీక్షకు కొంటాండానని. చెప్పకుండా కొంటే చెల్లదు."

"చెప్తే వాడు మంచిది ఇస్తాడు గదప్పా."

"చట్టం రాసినోళ్ళు సుబ్బయ్య హోటల్లో ఎప్పుడూ తిన్లేదప్పా" అన్నాడు శివన్న.

ఆగస్టు 20, సోమవారం

హక్కు ఉన్నాక వాడుకోవాలి కదా. మధ్యాహ్నం జనం ఉన్న వేళ చూసి శివన్నను వెంటబెట్టుకుని మంగళ విలాస్‌కు పోయాను. గల్లా ముందు నిలబడి గట్టిగా చెప్పాను.

"మామా, పప్పుచారు కొంటాండా. తినేదానికి కాదు, సర్కారు పరీక్షకు. ముందుగా చెప్తాండా, చట్టం ప్రకారం."

హోటలంతా చెయ్యి ఆపింది. మామ నన్ను ఎగాదిగా చూశాడు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. లేచి పైపంచె సర్దుకుని, "నారాయణా!" అని వంటాయన్ను కేకేశాడు. "అల్లుడు పరీక్షకు వచ్చినాడు. కొత్త గుండిగ కడుగు. కందిపప్పు కొత్తది తీయ్. తాలింపు నేతితో పెట్టు. మూత మాత్రం మరిచిపోవాకు."

నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. తాగనంటే, "ఇది పరీక్షకు కాదులేప్పా, తాగు" అన్నాడు. ఆ చారు వాసన వీధి చివరిదాకా వచ్చి ఉంటుంది. శివన్న సీసాల్లో పోయించి, చెడిపోకుండా ఏదో మందు చుక్కలు కలిపి, లక్క సీలు వేయించాడు. పక్క బల్ల ఆయన, "ఆ సీసాలో కొంచెం మిగిలితే ఇట్ల పొయ్యప్పా, మాకెప్పుడూ ఇట్లాటిది పెట్టలే" అన్నాడు.

సెప్టెంబరు 3, సోమవారం

కడపకు జాబు రాశాను. పరీక్ష సంగతి వివరంగా రాశాను.

సెప్టెంబరు 12, బుధవారం

జవాబు లేదు.

సెప్టెంబరు 18, మంగళవారం

రిపోర్టు వచ్చింది. చారులో ఏ లోపమూ లేదట. పప్పు మేలైనదట.

సెప్టెంబరు 21, శుక్రవారం

సుబ్బయ్య మామ ఆ రిపోర్టుకు నకలు సంపాదించి, ఫ్రేము కట్టించి గల్లా వెనక దేవుడి పటాల పక్కన తగిలించాడు. పసుపు కుంకుమ కూడా పెట్టాడట. నేను చూడలేదు, అంగడికి వచ్చినవాళ్ళందరూ చెప్పిపోతున్నారు. "నీ చలవ శెట్టీ" అంటున్నారు.

కడపకు ఇంకో జాబు రాశాను. అలివేలు ఆరోగ్యం ఎలా ఉందని మామగారిని అడిగాను. తప్పు సుబ్బయ్య మామదేననీ, వదిలిపెట్టననీ రాశాను.

సెప్టెంబరు 25, మంగళవారం

మామగారు కార్డు రాశారు. అమ్మాయి లేచి తిరుగుతోంది, అన్నం తింటోంది, వానలు లేవు. ఎప్పుడు వస్తుందో రాయలేదు.

సెప్టెంబరు 27, గురువారం

శివన్న ఒక దారి చెప్పాడు. తిన్న మనిషి ఎట్లా జబ్బు పడిందో చూసినవాళ్ళెవరైనా ఉంటే, వాళ్ళతో హెల్త్ ఆఫీసరు ముందు చెప్పించవచ్చు. చూసింది మాకు చల్ల అమ్మే ఈరక్క. పొద్దున చల్ల పోయడానికి వచ్చినప్పుడు అడిగాను, సాక్ష్యం చెప్తావా అని.

ఈరక్క దుత్త దించింది. "చెప్తా శెట్టీ. యాడికి రమ్మంటే ఆడికి వస్తా. చెప్తే అంతా చెప్తా."

"అంతా అంటే?"

"నేను చూసిందంతా. ఆ పొద్దు నేను వచ్చేతలికి ఆయమ్మ వెనక గదిలో తన వాంతిలోనే పడుకోని ఉండె. కండ్లు తేలేసి ఉండె. నువ్వు గడప కాడ పీటేసుకోని కూర్చోని, లోటాతో నీళ్ళు లోపలికి తోస్తాంటివి. ఎత్తు శెట్టీ, సచ్చిపోతాది అంటే, నువ్వేమంటివి? ఈపొద్దు తలస్నానం గదా, అదయినాక పోదాంలే అంటివి. స్నానం ఎవురు జేసేది, ఆయమ్మనా? నేనే ఎత్తుకోని జట్కాలో ఏసినా. నువ్వు సైకిలేసుకోని ఎనకాల వస్తివి."

"ఈరక్కా, అదంతా యాంటికి ఇప్పుడు? బల్లి సంగతి చెప్తే చాలు."

"బల్లిని నేను చూళ్ళేదు శెట్టీ. నేను చూసింది నిన్నే."

చల్ల పోసింది. పాత్ర నేనే పట్టాను. సాక్ష్యం అక్కర్లేదని శివన్నకు చెప్పి వచ్చాను.

మునుపు ఆస్పత్రిలో "చేర్చాం" అని రాశాను. చదువుకుని చూశాను. సైకిలు మీద జట్కా వెనకే ఉన్నాను. దూరంగా కాదు.

సెప్టెంబరు 28

పొద్దున చల్ల పాత్ర అరుగు మీద పెట్టి అంగడికి పోయాను.

అక్టోబరు 10, బుధవారం

టెంట్లు ఎత్తేస్తున్నారు. ఆఫీసుల బీరువాలు, బల్లలు లారీల మీద పోతున్నాయి. గుంటూరాయన నా దగ్గర కొన్న లాంతరు తిరిగి తీసుకుంటావా అని అడిగాడు. తీసుకున్నాను, పాపం.

మంగళ విలాస్‌లో ఈగలు తోలుకుంటున్నారు. గుమాస్తాలు పోవడం ఒకటే కాదు. మా వాళ్ళ ఇళ్ళకు పోయే క్యారియర్లు కూడా ఆగిపోయాయట. మామ ఫ్రేము కట్టించిన కాగితం మొగవాళ్ళందరూ చూశారు, నవ్వారు, నమ్మారు. ఆడవాళ్ళు మాత్రం చూడనూ లేదు, నమ్మనూ లేదు. బయట చేరిన రోజుల్లో క్యారియర్ తెప్పిస్తామంటే, "అటుకులు నానబెట్టుకోని తింటాం, ఆ అడుగు చారు మాకొద్దు" అంటున్నారట. ఒక వీధి కాదు, అన్ని వీధులూ. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఈరక్క అన్ని ఇళ్ళకూ చల్ల పోస్తుంది మరి.

అక్టోబరు 16, మంగళవారం

సుబ్బయ్య మామ అంగడికి వచ్చాడు. ఎప్పుడూ రాని మనిషి. లాంతర్లు ఒక్కొక్కటి పట్టుకుని చూశాడు. చిమ్నీ ఒకటి ఊది తుడిచాడు.

"హోటలు మూతపడేట్టుండాది కేశవయ్యా."

"ఫ్రేము ఉండాది గదా మామా."

"ఎగతాళి చేస్తే చెయ్. తప్పు నాదేప్పా." చిమ్నీ కింద పెట్టాడు. "ఆ శనివారం వంటింటి కప్పు మీద పాత బోదగడ్డి తీసి కొత్తది కప్పిస్తాంటి. గుండిగకు మూత లేదు. క్యారియర్లు పోయినాక గుండిగలో ఇంకో బల్లి కనపడె. పారబోయించినా. అప్పటికే నీ ఇంటికి పొయ్యింది. నారాయణను పంపించి, తినొద్దండి అని చెప్పించాలని లేచినా. మళ్ళా కూర్చుంటి. చెప్తే ఊరంతా తెలుస్తాదని. ఏం కాదులే అనుకుంటి."

నాకు కోపం రావాలి. ఎందుకో గాని, రావలసినంత రాలేదు.

"ఇది నలుగుర్లో చెప్తావా మామా?"

"నలుగుర్లో ఏంటికి? కడపకు పోదాం పా. అలివేలుకే చెప్తా. ఆ పిల్ల మాటంటే గానీ ఈ ఆడోళ్ళు నా క్యారియర్ ముట్టుకోరు."

అక్టోబరు 21, ఆదివారం

కడప పోయి వచ్చాం. నంద్యాల, మైదుకూరు మీదుగా. దారిపొడుగునా మామ ఏం చెప్పాలో తనలో తాను అనుకుంటూ ఉన్నాడు. నేను కూడా అనుకున్నాను. ఇంతకాలానికి గెలిచాను, అలివేలు నన్ను చూసే చూపు మారుతుంది అని.

మామగారి ఇంట్లో చాప వేశారు. అలివేలు వచ్చి గుంజకు ఆనుకుని నిలబడింది. చిక్కిపోయింది గానీ మొహంలో రంగు వచ్చింది. సుబ్బయ్య మామ లేచి నిలబడ్డాడు. దారిలో అనుకున్నదంతా మరిచిపోయాడు.

"తల్లీ, తప్పు నాది. తెలిసి కూడా చెప్పి పంపకపోతి."

"ఒప్పుకుంటిరి గదా మామా. అది చాలు. వంటింటికి పెంకులు ఏయించండి. గుండిగలకు మూతలు చేయించండి. అట్ల చేస్తే మా వాళ్ళకు నేనే చెప్తా."

మామ పైపంచెతో మొహం తుడుచుకుని కూర్చున్నాడు. నేను ఆమె వైపు చూశాను. ఆమె నన్ను చూడకుండా, మామతోనే మాట్లాడింది.

"మామా, ఈయన్ని ఒకటడగండి. ఆ పొద్దు నేను లోపల కక్కుకుంటాంటే ఈయన బాయి కాడ కూర్చోని క్యారియర్ తోమినాడు. చింతపండేసి, బూడిదేసి, ఒక్కో గిన్నె తోమినాడు. శానా బాగా తోమినాడు. ఆడినుంచి మెరుపు నా కండ్లల్లో పడె. సచ్చిన బల్లి పడిన గిన్నెను అట్ల రెండు చేతులా పట్టుకోని తోమినాడే, దాన్నెట్ల ముట్టుకున్నాడో అడగండి."

సుబ్బయ్య మామ దూలం వైపు చూశాడు. మామగారు లేచి కాఫీ సంగతి చూస్తానని లోపలికి పోయారు.

"ఎంగిలిది పంపకూడదని" అన్నాను.

"ఊఁ" అంది అలివేలు. లోపలికి పోయింది.

నంద్యాలలో బస్సు మారాం. మామ వేరుశెనక్కాయలు కొని సగం నాకు పెట్టాడు. తిన్నాను.

అక్టోబరు 24, బుధవారం

కడపకు కార్డు రాశాను. ఈసారి సుబ్బయ్య మామ పేరు రాయలేదు.

నవంబరు 1, గురువారం

ఆంధ్రప్రదేశ్ వచ్చింది. రాజధాని పోయింది. టెంట్లు ఉన్నచోట గుంటలు మిగిలాయి, మేకలు తిరుగుతున్నాయి. అంగడికి ఎవరూ రాలేదు.

నవంబరు 4, ఆదివారం

అలివేలు వచ్చింది. మామగారు బస్టాండులోనే ఉండి తిరుగు బస్సెక్కారు. వచ్చీ రాగానే వెనక గది తలుపు తీసి, అందులో పెట్టిన నా పాత లాంతరు పెట్టెలన్నీ చూసి, "ఇది గోడౌను చేసుకోండి, బాగుంటాది" అంది. చేసుకుందాం అన్నాను. రాత్రి వంకాయ కూర చేసింది.

నవంబరు 23, శుక్రవారం

పొద్దున నేను అంగడికి బయల్దేరుతుంటే వంటింట్లో పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. అలివేలు తల నూనె పెట్టుకోలేదు, పాత చీర కట్టుకుంది. మొహం చూస్తే తెలిసిపోయింది. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను కదా.

"ఈపొద్దు నువ్వు..." అన్నాను.

"అవును" అంది, పొయ్యి వైపే తిరిగి.

సుబ్బయ్య మామ నిన్ననే కబురంపాడు, పెంకులు వేయించాడట, మూతలన్నీ కొత్తవట, క్యారియర్ పంపమంటారా అని. ఆ సంగతి నోటి దాకా వచ్చింది. వీధి తలుపు తీసే ఉంది. ఎదురింటి వాళ్ళు అరుగు మీదే ఉన్నారు. పోయి తలుపు మూద్దామా అనుకున్నాను.

"అన్నం ఉడికినాది" అంది అలివేలు. "గిన్నె బరువుగా ఉండాది. చేతుల్లో ఇంకా సత్తువ రాలే. వార్చాల, ఒక పక్క పట్టుకోండి."

నిలబడ్డాను.

"గంజి పొంగుతాండాది" అంది.

తలుపు అలాగే వదిలేసి లోపలికి పోయాను. గుడ్డ ఒకటే ఉంది. ఒక కొస ఆమె పట్టుకుంది, ఒక కొస నేను పట్టుకున్నాను. మూత మీద ఆమె చెయ్యి, దాని మీద నా చెయ్యి. గిన్నె వంచాం. వార్చడం నాకు రాదు. గంజి నా మణికట్టు మీద పడింది. గిన్నె వదల్లేదు. "ఇంకొంచెం వంచండి" అంది. వంచాను.

కూర్చుని ఇద్దరం ఒకేసారి తిన్నాం. చెయ్యి మంట పుడుతూనే ఉంది. అంగడి ఆలస్యంగా తెరిచాను.